‘ఏ’ మీట నొక్కని శనివారం

మేవిస్ అమ్మమ్మకు కలలు కనడానికి నిద్ర అక్కర్లేదు. పొయ్యి ముందు నిలబడి ఓట్స్ జావ కలుపుతూ కనేది. చేతిలో గరిటె తిరుగుతూనే ఉండేది, మనిషి మాత్రం కొండ మీది మేఘం వెనకాల ఎక్కడో ఉండేది. మాడు వాసన వచ్చాక గానీ వంటింట్లోకి తిరిగొచ్చేది కాదు. మోర్‌బెక్ బడిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండింది కనక, ఆ ఊళ్ళో రెండు తరాల వాళ్ళకు కస్టర్డ్ అంటే అడుగంటి, కాస్త పొగ వాసన వేసే పదార్థమే. పెద్దయ్యాక పట్నం వెళ్ళి హోటల్లో కస్టర్డ్ తిన్నవాళ్ళు అందులో ఏదో తక్కువైందని ఇంటికి చెప్పి పంపేవారు.

అలాంటి మనిషి ఒక్క పని మాత్రం మరిచిపోయేది కాదు. శనివారం సాయంత్రం అయిదు కొట్టేసరికి పాత వార్తాపత్రికలూ, సీసాలో వెనిగరూ పట్టుకుని వంతెన పక్కనున్న ఎర్ర టెలిఫోన్ పెట్టె దగ్గరికి వెళ్ళేది. దానికి మూడు వైపులా కలిపి డెబ్బై రెండు చిన్న చిన్న అద్దాలు. ఒక్కొక్కటీ తుడిచేది. ఎవరూ తుడవమనలేదు, ఎవరూ ఒక పెన్నీ ఇవ్వలేదు. వాన పడుతున్నా వెళ్ళేది. ఆ లోయలో వాన పడని శనివారం కోసం ఆగితే ఇక అద్దాలు తుడిచినట్టే.

తుడవడం అయ్యాక లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. ఆ బరువైన తలుపు మెల్లగా వచ్చి మూసుకోగానే వాగు చప్పుడూ, గొర్రెల అరుపులూ దుప్పటి కప్పినట్టు అణిగిపోయేవి. నెత్తిన దీపం పసుపుపచ్చగా వెలిగేది. రిసీవర్ ఎత్తేది కాదు, ఎవరికీ ఫోన్ చేసేది కాదు, ఊరికే నిలబడేది. పొగమంచు దిగిన సాయంత్రాల్లో వంతెన మీంచి చూసేవాళ్ళకు గాల్లో ఒక లాంతరు, అందులో ఒత్తి ఉండాల్సిన చోట ఒక పొట్టి ఆడమనిషి కనిపించేది. మేవిస్‌కు పెట్టె పిచ్చి అని ఊరు తీర్మానించుకుంది. ఇంగ్లండులో ఒకరికి ఏదో ఒక పిచ్చి ఉండటం పెద్ద వింతేమీ కాదు కనక ఎవరూ కారణం అడగలేదు.

కారణం యాభై అయిదేళ్ళనాటిది.

అప్పుడు మేవిస్‌కు ఇరవై ఒకటి. పక్కనే ఉన్న కెల్డన్ పట్నంలో విత్తనాలూ దాణా అమ్మే కొట్టు వాళ్ళబ్బాయి క్లెమ్ ఆమెను పెళ్ళాడతానన్నాడు. క్లెమ్ ఎంత బిడియస్థుడంటే, అడిగేటప్పుడు ఆమె వైపు చూడలేక గొర్రెల సంతలో ఒక పొట్టేలు మొహం చూస్తూ అడిగాడు. ఆ పొట్టేలు ఒప్పుకుందేమోనని మేవిస్ తర్వాత చాలాకాలం నవ్వేది. ఎదురుగా కాదంటే తట్టుకోలేనన్నాడు. శనివారం అయిదింటికి కొట్లో ఒక్కడే ఉంటాడట. సరే అనుకుంటే ఫోన్ చెయ్యాలట, వద్దనుకుంటే చెయ్యక్కర్లేదట. ఫోన్ రాకపోతే తనే అర్థం చేసుకుంటాడట.

ఆ రోజుల్లో టెలిఫోన్ పెట్టెలో రెండు మీటలుండేవి, ‘ఏ’ ఒకటి, ‘బి’ ఒకటి. ముందు మూడు పెన్నీలు వెయ్యాలి, నంబరు తిప్పాలి. అవతల మనిషి పలికాక ‘ఏ’ నొక్కాలి. అప్పుడు డబ్బులు పెట్టె కడుపులోకి జారతాయి, మన మాట అవతలికి వెళ్తుంది. నొక్కేదాకా వాళ్ళ మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్ళకు వినిపించదు. ఎవరూ పలక్కపోతే ‘బి’ నొక్కితే డబ్బులు కింది గిన్నెలోకి తిరిగొస్తాయి. మోర్‌బెక్ పిల్లలు అక్షరాలు మొదట నేర్చుకున్నది అక్కడే. బళ్ళో పంతులమ్మ ‘సి’ దగ్గర మొదలెడితే సరిపోయేది.

ఇదంతా మేవిస్‌కు తెలియక కాదు. కానీ ఆ శనివారం నంబరు తిప్పుతుండగానే ఆవిడ కల ముందుకు పరుగెత్తింది. కెల్డన్ కొట్టు మీది గదిలో కిటికీ తెరలు కుట్టేసింది, నీలం రంగువి. వాటిని గాలి ఊపుతోంది కూడా.

"కెల్డన్ ముప్పై ఒకటి," అన్నాడు క్లెమ్. అక్కడ ఫోనెత్తితే పేరు చెప్పరు, నంబరు చెప్తారు.

"సరే క్లెమ్," అంది మేవిస్. "సరే. చేసుకుందాం."

అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు. తర్వాత గొంతు సవరించుకుని, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు, "చూడండి, నాకు వేరే ఫోన్ రావాలి. దయచేసి లైన్ వదలండి," అన్నాడు.

మేవిస్ లైన్ వదిలింది. నీలం తెరలు మడతపెట్టుకుని బయటికొచ్చి వంతెన వైపు నడిచింది. సరే అన్నదానికి ఇదా జవాబు? ఇంకెవరి ఫోన్ కోసం కాచుకున్నాడో వాళ్ళనే చేసుకోనీ అనుకుంది. అక్కడ క్లెమ్, ఎవడో నంబరు తప్పు తిప్పి తన లైన్ పట్టుకుని కూచున్నాడని తిట్టుకుని, ఆమె ఫోన్ కోసం ఎనిమిదింటిదాకా దాణా బస్తా మీద కూర్చున్నాడు.

పెట్టె బయట వానలో కాలరెత్తుకుని తన వంతు కోసం నిలబడ్డవాడు ఆర్థర్. రాళ్ళు పేర్చి పొలాలకు గోడలు కట్టేవాడు. రాయి మీద రాయి సున్నం లేకుండా నిలబెట్టినట్టే మాట పక్కన మాట చాలా ఆలోచించి పెట్టేవాడు, ఎక్కువసార్లు పెట్టేవాడే కాదు. లోపలికెళ్ళగానే ఆ దేశంలో అందరూ చేసే పనే చేశాడు, ముందుగా ‘బి’ నొక్కాడు. ఎవరైనా మరిచిపోయిన డబ్బులుంటే పడతాయని అందరికీ ఒక ఆశ. గలగలమని మూడు పెన్నీలు పడ్డాయి. వేరేవాడైతే జేబులో వేసుకునేవాడు. ఆర్థర్ వంతెన మీదికి పరుగెత్తాడు.

"మీ డబ్బులు మిగిలిపోయాయండీ," అన్నాడు. ఆ నెలకు అతని మాటల కోటా అయిపోయింది.

మేవిస్ అరచేతిలో పడిన పెన్నీలు చూసి ఏడ్చింది. ఆర్థర్ జేబురుమాలు ఇచ్చాడు. దాన్నిండా రాతిదుమ్ము. అది కళ్ళలో పడి ఇంకా ఏడ్చింది. తర్వాతి వసంతంలో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళి ఫోటోలో కూడా ఆవిడ కళ్ళు ఎర్రగానే ఉంటాయి, దుమ్మే అంటుంది.

పదిహేనేళ్ళు గడిచాయి. పెట్టెలో కొత్తరకం ఫోన్ పెట్టడానికి ఒక మెకానిక్ వచ్చాడు. మేవిస్ అతనికి టీ తీసుకెళ్ళింది. అతను పాత యంత్రాన్ని ఊడబెరికి గడ్డిలో పెట్టి, టీ ఊదుకుంటూ, దీంట్లో ఎంతమంది గొంతు చించుకున్నారో అమ్మా, ‘ఏ’ నొక్కకుండా, అన్నాడు. అవతలివాడు ఎవరండీ ఎవరండీ అంటుంటే ఇవతలివాడు నేనేరా అని అరుస్తుంటాడు, తన మాట ఒక్కటీ చేరడం లేదని వాడికి తెలీదు. అతను నవ్వి పైకి చూసేసరికి ఈవిడ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ ‘ఏ’ మీట ఒక్కటి ఇస్తావా నాయనా అని అడిగి తీసుకుని, టీ కప్పు కూడా మరిచిపోయి ఇంటికి పరుగెత్తింది.

ఆర్థర్ భోజనం చేస్తున్నాడు.

"ఆ రోజు నా డబ్బులు నీకెలా దొరికాయి?"

"‘బి’ నొక్కాను."

"నేను ‘ఏ’ నొక్కి ఉంటే ‘బి’కి డబ్బులు రావు కదా."

"రావు."

"అయితే నా మాట అవతలికి చేరలేదని నీకు ఆ రోజే తెలుసు."

ఆర్థర్ రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని, ఆ ముక్క తిని, అప్పుడు అన్నాడు. "తెలుసు. నువ్వేమో ఏడుస్తున్నావు. ఏడ్చేవాళ్ళకి మీటల సంగతి ఎవరు చెప్తారు?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"తర్వాత నాకు చెప్పబుద్ధి కాలేదే."

మూడు రోజులు ఆ ఇంట్లో జావ మాడింది, ఆ మూడు రోజులూ కావాలనే. నాలుగో రోజు ఆర్థర్ ఆ మీటను వంటింటి అలమరా అంచుకు బిగించాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో తన మాట ఎవరూ వినడం లేదనిపించినవాళ్ళు వెళ్ళి దాన్ని నొక్కి మాట్లాడాలి. నొక్కితే ఎంత పనున్నా ఆపి వినాలి. పిల్లలు రోజుకు పాతికసార్లు నొక్కేవారు. ఆర్థర్ మిగిలిన జీవితమంతటిలో మూడుసార్లు నొక్కాడు. ఒకసారి కుక్క తప్పిపోయిందని, ఒకసారి గ్రేవీ ఇంకొంచెం కావాలని. మూడోసారి, పోయే ముందటి ఏడాది, నొక్కి ఏమీ అనలేదు. ఆవిడ గరిటె ఆపి చూసింది. అతను కాసేపు ఆవిడ వంక చూసి, టోపీ పెట్టుకుని గోడ కట్టడానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు జావ మాడలేదట.

అందుకని మేవిస్ అమ్మమ్మకు ఆర్థర్ విషయంలో విచారమేమీ లేదు. ఆవిడను గుచ్చేది వేరు. క్లెమ్ తర్వాత బ్రెండా అనే గట్టి మనిషిని చేసుకుని, మోర్‌బెక్‌లోనే పొలం కొని, ఊరి సభకు అధ్యక్షుడయ్యాడు. చర్చిలోనో, కూరగాయల పోటీలోనో ఎదురుపడితే వాన వచ్చేలా ఉందనేవాడు, ఈవిడ అవును వచ్చేలా ఉందనేది. యాభై అయిదేళ్ళుగా వాళ్ళ మధ్య వాన తప్ప ఇంకేమీ నడవలేదు. అతను ఆ పెట్టెలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. ట్రాక్టర్ చెడిపోయినా మూడు మైళ్ళు నడిచి పక్కూరి పెట్టెలోంచి ఫోన్ చేసేవాడు. ఒక్క ఫోన్ చెయ్యడానికి కూడా తను విలువ లేనివాడినని ఆ మనిషి ఇన్నేళ్ళూ అనుకుంటున్నాడు. చెప్దామంటే ముందు ఆర్థర్ అడ్డం, తర్వాత బ్రెండా అడ్డం. ఆవిడ అన్న ‘సరే’ మాత్రం తీగ మీద ఎవరూ తియ్యని బట్టలా ఆ పెట్టెలోనే వేలాడుతోంది. శనివారాలు అద్దాలు తుడిచి ఆవిడ వెళ్ళి నిలబడేది దాని పక్కనే.

ఇంతలో అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. పెట్టెలో ఫోన్ ఆపేస్తున్నామని తలుపుకు ఒక కాగితం అంటించారు. ఖాళీ పెట్టె కావాలంటే ఊరే ఉంచుకోవచ్చు, దానికి ఏదైనా పని చూపించాలి. నెలాఖరులోగా తేల్చకపోతే లారీ వచ్చి పట్టుకుపోతుంది.

ఊరి హాల్లో సభ పెట్టారు. బ్రెండా పెద్ద పాత్రలో టీ కాచింది. చెవులు మందగించిన వాళ్ళ కోసం కొత్తగా మైకు కొన్నారు. ఒకరు పుస్తకాలు పెడదామన్నారు. ఒకరు ఆగిన గుండెను కొట్టి లేపే యంత్రం పెడదామన్నారు. అది అప్పటికే హాలు గోడకు ఉందని, దాని కింద కూర్చునే అతను మాట్లాడుతున్నాడని పక్కవాళ్ళు గుర్తుచేశారు. పబ్ యజమాని లోపల బీరు పీపా పెట్టి, ప్రపంచంలో అన్నిటికన్నా చిన్న పబ్ అని బోర్డు కడతానన్నాడు. సభ్యుల్లో ఇద్దరు ఉంచుదామన్నారు, ఇద్దరు వద్దన్నారు. తేల్చాల్సింది క్లెమ్.

క్లెమ్ ఎర్రటి చెవులు గోక్కుని, "తీసుకుపోనివ్వండి. అక్కడో పూలకుండీ పెడదాం. ఆ పెట్టె ఎప్పుడూ ఎవరికీ ఒక మంచి మాట చేర్చిన పాపాన పోలేదు," అన్నాడు.

అప్పుడు మేవిస్ అమ్మమ్మ లేచి మైకు అందుకుంది.

రాత్రంతా తయారుచేసుకున్న మాటలవి. కెల్డన్‌లో రేడియోలు బాగుచేసే ఆవిడను అప్పటికే అడిగి వచ్చింది. పాత రిసీవర్‌లో ఊరివాళ్ళ గొంతులు నింపొచ్చట. ఎవరైనా సరే, ఎప్పుడో చెప్పాల్సింది చెప్పలేకపోయిన మాట, లేక చెప్పినా చేరని మాట, అందులో చెప్పి పెట్టొచ్చు. వెళ్ళినవాళ్ళు రిసీవర్ ఎత్తి ‘ఏ’ నొక్కితే వినిపిస్తుంది. మీట తన వంటింట్లో ఉంది, ఇస్తుంది. వారానికొక గొంతు. ఊళ్ళో నూట నలభై మంది ఉన్నారు, ఎంత లేదన్నా రెండేళ్ళు గడుస్తుంది. ఇలా నాలుగు నిమిషాలు, కళ్ళు కిటికీలోంచి వాన మీద పెట్టి, ఎంతో అందంగా చెప్పింది. క్లెమ్ పేరు, ఆ శనివారం మాత్రం జాగ్రత్తగా దాటేసింది. హాల్లో అందరూ తలలూపారు. ఆవిడ కూర్చోబోయింది.

వెనకాల బ్రెండా చెంచా కింద పడేసింది.

ఆ ఊరివాళ్ళ మర్యాద అలాంటిది. మైకు మీట నొక్కలేదని, ఆవిడ చిన్న గొంతు రెండో వరస దాటలేదని మొదటి మాటకే అందరికీ తెలిసింది. మధ్యలో ఆపితే బాగుండదని నాలుగు నిమిషాలూ కదిలే పెదాల్ని చూస్తూ తలలూపారు.

చివరికి క్లెమ్ అన్నాడు, వయసు మళ్ళినవాళ్ళు ఆ ఊళ్ళో ఇలాంటప్పుడు అనుకునే పాత హాస్యమే. "‘ఏ’ నొక్కలేదు మేవిస్ నువ్వు."

మేవిస్ అమ్మమ్మ చేతిలోని మైకును చూసింది. దాని పక్కనున్న చిన్న మీటను చూసింది. ఎక్కడికో వెళ్ళిపోయిన మనిషి మాడు వాసనకు తిరిగొచ్చినట్టు తిరిగొచ్చింది. మీట నొక్కింది.

"నేను ఫోన్ చేశాను క్లెమ్," అంది. హాలంతా మోగింది.

ఏ శనివారమని అతను అడగలేదు. "ఫోన్ మోగింది," అన్నాడు మెల్లగా. "ఎవరూ మాట్లాడలేదు."

"మాట్లాడాను. నువ్వు లైన్ వదలమన్నావు."

క్లెమ్ చెవుల ఎరుపు మెడ దాకా దిగింది. అతను చేతిలో కాగితాలు ఒకసారి సర్దాడు, మళ్ళీ సర్దాడు. అందరూ టీ కప్పుల్లోకి చూస్తున్నారు, ఎవరూ తాగడం లేదు. బ్రెండా చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"ఇన్నేళ్ళూ ఎవరి ఫోన్ రాలేదని ఈ మనిషి శనివారాలు మూతి ముడుచుకు కూర్చుంటాడా అనుకునేదాన్ని. నువ్వేనటే? ఏమన్నావే ఆ రోజు?"

మేవిస్ అమ్మమ్మకు కలలతో పాటు కొంటెతనం కూడా ఉంది. అది ఆ వంశంలో ఆవిడ దగ్గరే ఆగలేదు. "అది పెట్టెలో చెప్పి పెడతాను," అంది. "పెట్టె ఉంటే."

"ఉంటుంది," అంది బ్రెండా మొగుడి వంక తిరిగి. "ఉంటుందా, ఉండదా?"

క్లెమ్ చెయ్యెత్తాడు. ఉంచుదామన్న వైపు.

ఆవిడ ఆలోచనంతా ఈసారి మైకులో మళ్ళీ విన్నాక, నెలంతా పెట్టెకు కొత్త ఎరుపు రంగు వేశారు. అలమరా అంచు నుంచి మీటను ఊడదీసిన చోట గుండ్రటి తెల్లమచ్చ మిగిలింది. అక్కడ మేవిస్ అమ్మమ్మ ఇప్పటికీ వేలుపెట్టి నొక్కుతుంది. తన మాట నింపడానికి కెల్డన్ వెళ్ళి, గంటలో తిరిగొచ్చింది. ఎంతసేపు మాట్లాడావని అడిగితే, బస్సు కోసమే ఎక్కువసేపు పట్టిందంది.

అక్టోబరులో ఒక శనివారం, అయిదింటికి పెట్టె తెరిచారు. వాన పడుతూనే ఉంది. కొండలు కనిపించడం లేదు, వంతెన సగమే కనిపిస్తోంది, పెట్టె మాత్రం దేనికీ ఆనుకోకుండా మంచులో ఎర్రగా తేలుతోంది. గొడుగులు వరస కట్టాయి. మొదట నువ్వు వెళ్ళు నువ్వు వెళ్ళు అనుకుని, అందరూ క్లెమ్ వైపు చూశారు. క్లెమ్ టోపీ తీసి బ్రెండా చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. తలుపు మెల్లగా వచ్చి మూసుకుంది.

మేవిస్ అమ్మమ్మ బ్రెండా గొడుగు కిందే నిలబడింది. పొద్దున్నే తుడిచిన డెబ్బై రెండు అద్దాల్లో డెబ్బై రెండు ముక్కలుగా క్లెమ్ కనిపించాడు. అలవాటు కొద్దీ ముందు ‘బి’ కోసం తడిమాడు, అది లేదు. రిసీవర్ ఎత్తాడు. ‘ఏ’ నొక్కాడు. తల వంచుకుని విన్నాడు. వినాల్సింది పెద్దగా ఏమీ లేదు, రెండు ముక్కలు. అయినా చాలాసేపు అలాగే ఉన్నాడు. అద్దాలు లోపలి ఊపిరికి కింది వరస నుంచి ఒక్కొక్కటే మసకబారుతూ వచ్చాయి.

"నువ్వు ఆ రోజు మీట నొక్కి ఉంటే," అంది బ్రెండా, "నేను అప్పట్లో నన్ను అడిగిన పశువుల డాక్టరును చేసుకుని ఈపాటికి సముద్రం ఒడ్డున ఇంట్లో ఉండేదాన్ని."

"నీ కీళ్ళకి సముద్రపు గాలి పడదులే," అంది మేవిస్ అమ్మమ్మ.

లోపల క్లెమ్ పెదాలు కదిలాయి. రిసీవర్‌లోకి ఏదో అంటున్నాడు. ఆ రిసీవర్ మాట వినిపిస్తుందే గానీ మోసుకుపోదని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. అయినా అంటున్నాడు. మందపాటి అద్దం, వాన చప్పుడు, ఈవిడకు వయసుతో వచ్చిన కాస్త చెవుడు, మూడూ కలిసి ఒక్క అక్షరం బయటికి రానివ్వలేదు. మేవిస్ అమ్మమ్మ కొండల మీది మేఘాలను చూసే చూపుతో అతన్ని చూస్తూ నిలబడింది.

బ్రెండా మోచేత్తో పొడిచింది. "ఏమంటున్నాడే?"

"వేరే ఫోన్ రావాలట," అంది మేవిస్ అమ్మమ్మ. "లైన్ వదలమంటున్నాడు."